పత్తి గింజా గంధకామ్లమూ

ఆసిడ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. నాకు వచ్చినవి చెప్పుకోదగ్గవీ కావు. నా ఉద్యోగం మొత్తం గంధకామ్లంతోనే గడిచింది. ల్యాబులో ఎన్ని రకాల ఆసిడ్లున్నా దీన్ని మాత్రం ఉత్త ఆసిడ్ అనేవాళ్ళం, మిగతావాటిని పేర్లు పెట్టి పిలిచేవాళ్ళం. రిటైరై నరసరావుపేటలో ఇంట్లో కూర్చున్నాక దాని మీద బెంగ పట్టుకుంది. మనిషి మీద బెంగ అంటే నలుగురూ అర్థం చేసుకుంటారు. ఆసిడ్ మీద బెంగ అంటే నవ్వుతారు. నవ్వండి, నాకేం.

పాల దగ్గర మొదలు

మొదట చేరింది పాల శీతలీకరణ కేంద్రంలో. సత్తెనపల్లి వైపు ఊళ్ళ నుంచి క్యాన్లు వచ్చేవి. ఒక్కో క్యాను పాలలో వెన్న ఎంతుందో తేల్చడం నా పని. మెడ సన్నగా ఉండి, దాని మీద గీతలు గీసిన గాజు గొట్టం ఉంటుంది. అందులో ముందు ఆసిడ్ పోయాలి. తరవాత పాలు, గోడ వెంట జారేట్టు మెల్లగా. పైన ముక్కు పుటాలు అదిరిపోయే వాసన కొట్టే ఆల్కహాలు ఒక్క పిసరు. బిరడా బిగించి, గుడ్డ చుట్టి ఊపితే గొట్టం చేతిలోనే కాలిపోతుంది. వెన్నను తప్ప పాలలో ఉన్నదాన్నంతా ఆసిడ్ కరిగించేస్తుంది. యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే వెన్న పసుప్పచ్చగా పైకి తేలి గీతల మధ్య నిలబడుతుంది.

ఆ వేడి అరచేతికి తగిలినప్పుడల్లా నాకు ఎందుకో సంతోషంగా ఉండేది. ఇప్పుడు పాల కేంద్రాల్లో చిన్న మిషను వచ్చింది. పాలు చూపిస్తే అంకె చెబుతుంది, ఎవరి చేతులూ కాలవు. మంచిదే. మా కాలమే గొప్పదని నేననను. కళ్ళద్దాలు పెట్టుకోకుండా గొట్టాలు ఊపిన కాలం అది, ఏ గొప్పా లేదు. అయినా ఆ వేడి మళ్ళీ ఒక్కసారి తగిలితే బాగుండుననిపిస్తుంది.

కొన్నాళ్ళు భూసార పరీక్షల ల్యాబులోనూ చేశాను. పల్నాడు నల్లరేగడి చిటికెడు తీసుకుని, నారింజరంగు మందు కలిపి, దాని మీద ఆసిడ్ పోస్తే సీసా బుసకొట్టేది. రంగు ఆకుపచ్చకు తిరిగేదాన్నిబట్టి ఆ మట్టిలో సత్తువ ఎంతో చెప్పేవాళ్ళం. ఆటో బ్యాటరీలో ఉండేదీ ఇదే ఆసిడ్, పలచన చేసి పోస్తారు. రైతు చల్లే సూపరు ఎరువు, ఫాస్ఫేటు రాయిని ఈ ఆసిడ్‌తో విరగ్గొట్టి చేసిందే. మీ ఇంట్లో దీని చెయ్యి పడని వస్తువు వెతకడమే కష్టం. అయినా జనానికి ఆసిడ్ అనగానే ముఖాల మీద పోసే దుర్మార్గులే గుర్తొస్తారు. దానికి ఏం చేస్తాం.

నూగు తీసే పని

ఎక్కువ కాలం పనిచేసింది పత్తి విత్తనాల ప్లాంటులో. ఊరి బయట, రోడ్డు పక్కన ఉండేది. ఇప్పుడు షెడ్డు కూడా లేదు.

పత్తిని జిన్నింగు మిల్లులో ఆడించాక దూది పోతుంది కానీ, గింజను అంటిపెట్టుకుని తెల్లటి నూగు మిగిలిపోతుంది. ఆ నూగుతో గింజలు ఒకదానికొకటి పట్టుకుంటాయి, విత్తేటప్పుడు విడివిడిగా జారవు. పురుగూ బూజూ దాక్కునేదీ అందులోనే. పూర్వం రైతులు పేడనీళ్ళూ బూడిదా కలిపి గింజల్ని రుద్ది, నూగు అణిగాక విత్తేవాళ్ళు. మేము ఆ పని ఆసిడ్‌తో చేసేవాళ్ళం. గింజల మీద చిక్కటి ఆసిడ్ పోసి తెడ్డుతో కలియతిప్పితే నూగు మాడి కరిగిపోతుంది. తరవాత కడిగి, సున్నపు తేటలో ముంచి, మళ్ళీ కడిగితే నల్లగా నిగనిగలాడే గింజ బయటపడుతుంది.

ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే ఆసిడ్ పోయాలి అని మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. అది ప్రాణం కాపాడే మాట, మరవకండి. మా తొట్టి దగ్గర మాత్రం ఆసిడ్ పట్టిన గింజల మీద నీళ్ళు పోయక తప్పదు. అప్పుడు ఒక్కసారిగా వరదలా గుమ్మరించాలి. చెంబుతో కొంచెం కొంచెం పోస్తే పుట్టే వేడికి గింజ ఉడికిపోతుంది.

అన్నిటికన్నా కష్టం, ఎప్పుడు ఆపాలన్నది. ముందే ఆపితే నూగు మిగులుతుంది. ఆలస్యం చేస్తే ఆసిడ్ పెంకు దాటి లోపలి మొలకను తినేస్తుంది. అదంతా కొద్ది నిమిషాల వ్యవహారం. నాకు అది నేర్పింది మా ల్యాబు పెద్ద సుబ్బారావు గారు. ఆయన తొట్టికి వీపు పెట్టి నిలబడేవాడు. నేను వాచీ చూసుకుంటుంటే కసిరేవాడు.

"వాచీకేం తెలుసే అమ్మాయ్, ఈ గింజ ఏ చేల్లోదో? ఇను. ఇప్పుడు మొద్దు చప్పుడు వస్తంది గదా, నూగు ఇంకా ఉందని. గలగలమన్నదా, పొయ్యి నీళ్ళు."

నాకు ఆ గలగల వినపడటానికి ఒక సీజనంతా పట్టింది. వినపడ్డ రోజు ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "ఇక రేపటి నుంచి నువ్వే చూసుకో, నాకు మోకాళ్ళు నొస్తన్నయ్యి" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు ఉండదు.

మనిషి కోపిష్టి. పొద్దున తిట్టి మధ్యాహ్నం తన క్యారేజీలో గోంగూర నా డబ్బా మూతలో వేసేవాడు. ఆసిడ్ బొట్టు పడిన నూలు ప్యాంటు ఆ పూట బాగానే ఉంటుంది, ఉతకగానే చిల్లు పడుతుంది. వాళ్ళావిడ నన్ను చూసినప్పుడల్లా, "మీ సారుకి కొత్త ప్యాంటు కుట్టియ్యడం శుద్ధ దండగమ్మా, జల్లెడ తొడిగితే సరిపోద్ది" అనేది. ఆయన విననట్టు పేపరు చదువుకునేవాడు.

మొలిచిపోయిన గింజలు

ఒక ఏడు తొలకరిలో ముప్పాళ్ళ వైపు నుంచి రైతులు ప్లాంటు గేటు ముందు కూర్చున్నారు. మీ ఆసిడ్ గింజలు కుళ్ళిపోయినయ్యి, మమ్మల్ని ముంచారు అని. మేనేజరు పోలీసులకు ఫోను చేయబోతే సుబ్బారావు గారు ఆపి, గేటు దగ్గరికి వెళ్ళి వాళ్ళ పక్కనే గొంతుకూర్చున్నాడు.

"ఇత్తే ముందు గింజల్ని ఏం చేశారయ్యా?" అని అడిగాడు.

"ఏం చేస్తాం, ఎప్పుడూ చేసేదే. పేడనీళ్ళల్లో రుద్ది పెట్టుకున్నాం. వాన వస్తదని చూస్తే రెండ్రోజులు ఆలిశ్యమయింది."

విషయం అదీ. నూగు ఉన్న గింజ నీళ్ళు తొందరగా తాగదు. నూగు పోయిన గింజ గటగటా తాగేస్తుంది. తాతల నాటి అలవాటు కొద్దీ వాళ్ళు నున్నటి గింజల్ని మళ్ళీ పేడనీళ్ళలో రుద్దారు. అవి గంపలోనే మొలకెత్తి, వాన రాక కుళ్ళిపోయాయి. మేనేజరు పకపకా నవ్వాడు. సుబ్బారావు గారికి ఒళ్ళు మండింది. "దాని చొక్కా మనం ఇప్పాం. ఇప్పామని వాళ్ళకి చెప్పామా?" అన్నాడు. ఆ రైతులకు వేరే గింజలు ఇప్పించేదాకా ఆయన ల్యాబులోకి రాలేదు. ఆ ఏటి నుంచి ప్రతి సంచీ మీదా, ఈ గింజల్ని తడపకుండా విత్తాలి అని పెద్దక్షరాలతో రాయించాడు.

మనం చేసిన వస్తువు గేటు దాటాక ఎవరి చేతిలో పడుతుందో, వాళ్ళు దాన్ని ఏం చేస్తారో కనుక్కోవడం కూడా కెమిస్టు పనే. ఇది మీకు ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

సున్నం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గింజలు కడిగిన ఆసిడ్ నీళ్ళను సున్నంతో విరిచి, లిట్మస్ కాగితం ఒప్పుకున్నాకే బయటికి వదలాలి. మన దగ్గర బట్టీలకు కొదవలేదు, సున్నం దొరకడం ఎంతసేపు. అయినా ఒక మేనేజరు సున్నం తగ్గించమన్నాడు. సుబ్బారావు గారు ఒక గ్లాసుడు ఆ నీళ్ళు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "గేదెలు తాగేయే గదా, ముందు మీరొక గుక్క తాగండి సార్" అన్నాడు. సున్నం తగ్గలేదు. మంచి పై అధికారి అంటే ఎవరని అడిగితే నేను ఈ గ్లాసు గురించే చెబుతాను. ఆయన నా కన్నా చాలా ముందే రిటైరయ్యాడు. ఆ తరవాత ఎంతో కాలం బతకలేదు. ల్యాబులో ఆయన కుర్చీని నేను వాడుకోలేకపోయాను. కొత్తగా వచ్చినవాళ్ళు వాడుకుంటుంటే ఒప్పుకోనూ లేకపోయాను.

ఆదెమ్మ

ప్లాంటు రోజులు దగ్గర పడినప్పుడు ఆదెమ్మ వచ్చింది. అప్పటికే రైతులందరూ కంపెనీ ప్యాకెట్లు కొంటున్నారు. అందులో గింజలు నూగు తీసి, రంగు పూసి, తయారుగా వస్తాయి. మాకు పని పలచబడింది.

గురజాల అవతలి ఊరు ఆమెది. బస్సు దిగి, ఒడిలో పట్టేంత మూట పట్టుకుని ఎండలో నడిచి వచ్చింది. మేనేజరు మూట చూసి, ఇదేమన్నా పిండి మరనుకున్నావా, ఇంత చిన్న లాటు మా తొట్లో వెయ్యం అన్నాడు. ఆమె వెళ్ళకుండా గుమ్మం పక్కన కూర్చుంది. నేను వెళ్ళి మంచినీళ్ళిచ్చి, ఏంది పిన్నీ సంగతి అని అడిగాను.

"ఆయన ఏరిన ఇత్తనాలు అమ్మాయ్. ఏటేటా మంచి చెట్లు చూసి, గుడ్డపీలిక కట్టి, ఆ కాయలే ఏరి ఇడిగా పెట్టేవాడు. పోయినేడు ఆయన పొయ్యాడు. ఆ మూట ఇప్పబుద్ది కాలా నాకు. ఇప్పుడు ఇప్పి చూస్తే పురుగు పట్టింది."

హైబ్రిడ్లు రాకముందు రకం అది. అందులోంచి ఆమె భర్త చాలా ఏళ్ళుగా ఏరుకుంటూ వచ్చాడు. ఇక ఎవరి దగ్గరా లేదు. మరిది ఆ చేలో ప్యాకెట్ గింజలు పెడదామంటున్నాడట. ఈ మూటలోవి మొలిస్తే ఆ చేను వాటికే, లేకపోతే మరిది మాటే. గింజల్ని చేతిలో పోసుకుని చూశాను. నూగునిండా పురుగు గూళ్ళు. ఇంకొన్నాళ్ళుంటే పిండే మిగులుతుంది. ఆసిడ్ ఒక్కటే దారి.

ల్యాబులో చిన్న తొట్టిలో నేనే చేస్తానన్నాను. ముందు గుప్పెడు గింజలు తీసి, మామూలుగా మా లాట్లకు చేసినట్టే చేసి, తడిగుడ్డలో చుట్టి మొలకకు పెట్టాను. ఆమె ఊరికి పోయి వారానికి వచ్చింది. ఆమె ముందే గుడ్డ విప్పాను. ఒక్కటీ మొలవలేదు. పాత రకం, పెంకు పలచన, పైగా పురుగు గీరిన పెంకు. ఆసిడ్ లోపలికి దిగిపోయింది.

గుడ్డ మళ్ళీ మడిచాను. ఆమే అంది. "పోన్లే అమ్మాయ్. ఆ గుప్పెడు ఎట్టాగూ చీమలు తినేయే."

ఇంకో గుప్పెడు తీసి పరీక్ష చేద్దామంటే మూటలో అంత సరుకు లేదు. తొలకరి కూడా దగ్గర పడింది. మిగిలినదంతా ఒకేసారి చెయ్యాలి. ఎప్పుడు ఆపాలో ముందుగా తెలిసే దారి లేదు. జీవితంలో అంతగా సుబ్బారావు గారు కావాలనిపించిన రోజు ఇంకొకటి లేదు. ఆయన నా వెనక నిలబడి తిట్టినా చాలుననిపించింది. ఒక్క తిట్టు.

నీళ్ళ బిందెలన్నీ నింపి దగ్గర పెట్టుకున్నాను. ఆదెమ్మను తలుపు అవతల నిలబెట్టాను. గ్లౌజులు, కళ్ళద్దాలు. ఆసిడ్ పోశాను. నూగు తడిసి, గోధుమరంగు తిరిగి, బంకలా సాగింది. వాచీ తీసి జేబులో పెట్టుకున్నాను. తెడ్డు తిప్పుతూ వింటున్నాను. మొద్దు చప్పుడే. పూర్తి గలగల వచ్చేదాకా ఆగితే ఈ పలచని పెంకు తట్టుకోదు. ముందే ఆపితే నూగు అడుగున పురుగు బతికిపోతుంది. ఆ మొద్దు చప్పుడులో ఎక్కడో ఒక్క గింజ తొట్టి గోడకు తగిలి టిక్కుమంది. ఆ వెంటనే ఇంకొకటి. అంతే, బిందెలు ఎత్తి గుమ్మరించేశాను.

సున్నపు తేటలో ముంచి కడిగేటప్పుడు చాలా గింజలు నీళ్ళ పైకి తేలాయి. తేలినవి తాలు గింజలు, పారబోస్తాం. చిల్లుల గరిటెతో తీసి పక్కన పెడుతుంటే ఆదెమ్మ వచ్చి చెయ్యి చాపింది.

"అయ్యి మొలవ్వు పిన్నీ."

"మొలవకపోతే పోయె. ఆయన ఏరినయ్యే గదా."

వాటిని వేరే కొంగుముడిలో కట్టుకుంది. మునిగిన గింజల్ని నీడలో ఆరబోసి, ఇద్దరం వాటి పక్కన కూర్చున్నాం. అప్పుడు అడిగాను, ఈ పత్తిలో అంత విశేషమేంది, దూది పొడుగా, కాయ పెద్దదా అని.

"ఏం లేదమ్మాయ్. దూది పొట్టిదే. కాయ కూడా చిన్నదే. ఎండిన కాయ పెంకు మొనలు గుచ్చుకొని, పత్తి తీసేటప్పుడు నా వేళ్ళు నెత్తురు కారేయి. పెళ్ళయిన కొత్తల్లో రాత్రి అన్నం కలుపుకుంటంటే కారం తగిలి ఏడ్చా. ఆయన చూశాడు. ఆ ఏటి నుంచి మొన గుచ్చుకోని చెట్లు, పట్టుకుంటే దూది ఊడి వచ్చే చెట్లు ఏరడం మొదలు పెట్టాడు. ఊళ్ళో నవ్వేవాళ్ళు. పెళ్ళాం వేళ్ళ కోసం ఎవడన్నా పత్తి పెడతాడా అని."

పరిశోధన కేంద్రాల వాళ్ళు పొడుగు దూది కోసం, ఎక్కువ కాయ కోసం రకాలు తయారు చేస్తారు. అది వాళ్ళ పని, తప్పనను. కూలికి పోయే ఆడవాళ్ళ వేళ్ళ కోసం ఎవరైనా ఏరారేమో నాకు తెలియదు. నేను మాత్రం ఆ ఒక్క మనిషి గురించే విన్నాను.

చేలో

ఆ గింజలు మొలిచాయి. అన్నీ కాదు, సగానికి పైన. ఆమె ఫోను చేయించి చెప్పినప్పుడు ల్యాబులో అందరి ముందూ ఏడ్చేశాను. ఎందుకని ఎవరడిగినా ఆసిడ్ పొగ అన్నాను. మరుసటి ఏడు, ఆ పై ఏడు కూడా ఆమె విత్తనాలు తెచ్చుకుంది. మొదటి ఏడు చప్పుడు విన్నట్టే విని చేశాను. తరవాత ప్లాంటు మూసేశారు, నేను రిటైరయ్యాను.

ఈ మధ్య పత్తి తీసే రోజుల్లో ఆమెను చూడాలనిపించి గురజాల బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. ఆమె చేను చుట్టూ నాలుగు వైపులా ప్యాకెట్ పత్తే, మనిషెత్తున. ఆమె నడుముకు ఒడిలా కట్టిన గుడ్డ సంచీలో దూది వేసుకుంటూ సాలు వెంట వస్తోంది. నన్ను చూసి నవ్వి, పలకరింపు కూడా లేకుండా రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళ మొనల నిండా గీతలు. కొన్నిటి మీద నెత్తురు ఇంకా ఎండలేదు.

"గుచ్చుకుంటంది అమ్మాయ్. రెండేళ్ళ నుంచి కొంచెం కొంచెంగా. ఈయేడు మరీ. ఇది ఆయన పత్తి కాదు."

నాకు వెంటనే అర్థమైంది. చుట్టుపక్కల చేలనుంచి తేనెటీగలు పుప్పొడి మోసుకొచ్చి కలిపేశాయి. ఆ రకం మెల్లగా ప్యాకెట్ రకాల్లో కలిసిపోతోంది. నేను పురుగు నుంచి కాపాడాను, బూజు నుంచి కాపాడాను. తేనెటీగకు నా దగ్గర ఏ మందూ లేదు, ఉన్నా వాడను. ఈ మాట ఎట్లా చెప్పాలో తెలియక గట్టు మీద కూర్చున్నాను. ఆమెకు చెప్పవలసిన పని కూడా లేకపోయింది. వేళ్ళకు ముందే తెలిసింది.

"మరిదికే ఇచ్చేస్తావా ఇక?" అని అడిగాను.

ఆమె చేలోకి చెయ్యి చూపించింది. అక్కడొకటి ఇక్కడొకటి, కొన్ని చెట్లకు చీర పీలికలు కట్టి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి ఒక కాయ పట్టుకు చూశాను. మొన మెత్తగా ఉంది. దూది చెయ్యి పెట్టగానే ఊడి వచ్చింది.

"మళ్ళీ మొదటి నుంచీ ఏరాలంటే చానా ఏళ్ళు పడతది పిన్నీ" అన్నాను.

"పట్టనీ" అంది. "అప్పుడు నా చేతులు ఆయన చూసేవాడు. ఇప్పుడు నేనే చూసుకోవాల."

నెత్తురు అంటిన వేళ్ళు చీరకు తుడుచుకుని పక్క చెట్టుకు పోయింది.